పొలం తాకట్టు పెట్టే ముందు ఒక్క ఏడాది ఆగమ్మా

ప్రశ్న: జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ సీఎస్ఈ ఫైనలియర్‌కి వచ్చాను. సీజీపీఏ 8.1. సెకండియర్‌లో మ్యాథ్స్ ఒక సబ్జెక్టు పోయింది, సప్లీలో పాసయ్యాను. తెలుగు టెక్స్ట్ మీద పనిచేయడం ఇష్టం. మినీ ప్రాజెక్టుగా తెలుగు స్పెల్ చెకర్ చేశాను. గుంటూరులో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు అమెరికాలో ఎనిమిది యూనివర్సిటీలకి ఎంఎస్ అప్లై చేయిస్తామంటున్నారు. ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్పే వ్యాసం), ఎల్‌ఓఆర్‌లు (సిఫారసు లేఖలు) వాళ్ళే రాసిస్తారట. అన్నీ కలిపి నలభై లక్షలవుతుందంటే నాన్న రెండెకరాల మిరప చేను బ్యాంకులో పెడతానంటున్నారు. మా సీనియర్ అన్నయ్యేమో పీహెచ్‌డీకి అప్లై చెయ్యి, ఫీజు ఉండదు, స్టైపెండ్ వస్తుంది, రెండేళ్ళకి ఎంఎస్ పట్టా పుచ్చుకుని బయటికి రావచ్చు అంటున్నాడు. నాకు పేపర్లు లేవు. మూడు వేలు కడితే నెలలో ఇంటర్నేషనల్ జర్నల్లో వేయిస్తానని మా సార్ ఒకరన్నారు. విదేశీ పీజీ సీట్లకి అడిగే జీఆర్ఈ పరీక్ష రాయాలా? అసలు దేనికి అప్లై చేయాలి?
– ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

జవాబు:

అమ్మా,

నా మాట ముందే చెప్పేస్తాను. ఈ డిసెంబరుకి అమెరికా ఎంఎస్ అప్లికేషన్లు పెట్టొద్దు. నాన్నగారిని పాస్‌పుస్తకం బయటికి తీయనివ్వొద్దు. పై చదువు నీకు వద్దని కాదు. కన్సల్టెన్సీ వాళ్ళు ఏమన్నారో, సీనియర్ ఏమన్నాడో, సారు ఏమన్నారో అన్నీ వివరంగా రాశావు. నువ్వు చేసిన స్పెల్ చెకర్ గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం రాసి వదిలేశావు. నిన్ను తీసుకోవాలా వద్దా అని చూసేవాళ్ళకి కావాల్సింది ఆ వాక్యం వెనకున్న పని. ఆ పని ఇంకా చెప్పుకోదగ్గంత దూరం రాలేదు. రావడానికి ఒక ఏడాది చాలు.

ముందు ఎంఎస్‌కీ పీహెచ్‌డీకీ తేడా తెలుసుకో. మన దగ్గర చాలామంది ఇంట్లో లోను మాట్లాడుకున్నాక గానీ ఇది తెలుసుకోరు. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ ఎంఎస్ అంటే చాలాచోట్ల పది కోర్సులు చదివి పట్టా తీసుకోవడమే. ఫీజు విద్యార్థిదే. థీసిస్ ఆప్షన్ కొన్ని చోట్ల ఉంటుంది, కానీ నిన్ను పెట్టుకోవడానికి ఒక ప్రొఫెసర్ ఒప్పుకోవాలి, అది గ్యారంటీ కాదు. పీహెచ్‌డీ పూర్తిగా వేరు. ఐదారేళ్ళు పడుతుంది. మంచి విభాగాల్లో ట్యూషన్ వాళ్ళే కట్టి, పాఠాలు చెప్పడంలో సాయం చేసినందుకో ప్రొఫెసర్ గ్రాంటు మీద రీసెర్చ్ చేసినందుకో నెలనెలా జీతంలా ఇస్తారు. బీటెక్ నుంచి నేరుగా చేరొచ్చు, మధ్యలో మాస్టర్స్ ఉండాలన్న నియమం చాలాచోట్ల లేదు. జర్మనీ లాంటి దేశాల్లో మామూలుగా మాస్టర్స్ అయ్యాకే పీహెచ్‌డీ. కెనడాలో టొరంటో లాంటి చోట్ల రీసెర్చ్ మాస్టర్స్‌కి కూడా ఫండింగ్ ఇస్తారు, ఈ సంగతి మనవాళ్ళలో తక్కువమందికి తెలుసు. ఇక మన దేశంలోనే ఉన్న ఎంఎస్ బై రీసెర్చ్ (ముఖ్యంగా పరిశోధన చేసి తీసుకునే మాస్టర్స్) గురించి తర్వాత వివరంగా చెప్తాను. నీకు సరిపోయే దారి అదేనని నా నమ్మకం.

మీ సీనియర్ చెప్పిన ఉపాయం చెయ్యొద్దు. పీహెచ్‌డీలో చేరాక ఇది నాకు పడే పని కాదని నిజంగా తెలిసి, మాస్టర్స్‌తో బయటికి వచ్చేవాళ్ళు ఉంటారు. అందులో తప్పేమీ లేదు. ముందే అలా అనుకుని చేరడం వేరు. ఆ ప్రొఫెసర్ నిన్ను నమ్మి కొన్నేళ్ళ గ్రాంటు డబ్బు పక్కన పెడతారు. ఆ సీటు కోసం ఏళ్ళ తరబడి పనిచేసిన ఇంకో పిల్లో పిల్లాడో ఆగిపోతారు. రేపు మీ కాలేజీ పేరుతో ఇంకో అప్లికేషన్ వచ్చినప్పుడు ఆయనకి నువ్వే గుర్తొస్తావు. అదంతా పక్కన పెట్టినా, పీహెచ్‌డీ సీటు ఎంఎస్ సీటు కంటే ఎన్నో రెట్లు కష్టం. దాన్ని ఎంఎస్‌కి దొడ్డిదారి అనుకోవడమే లెక్క తప్పడం.

ఇప్పుడు ఎల్‌ఓఆర్‌ల సంగతి. నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే భయం వేసింది అక్కడే. రీసెర్చ్ సీట్లకి వచ్చే అప్లికేషన్లలో మూడు సిఫారసు లేఖలకీ చాలా బరువుంటుంది. వాటిని చదివేది ఆఫీసు గుమాస్తాలు కాదు, ఆ విభాగంలో పాఠాలు చెప్పే, రీసెర్చ్ చేసే మనుషులు. "ఈ విద్యార్థిని సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, పంక్చువల్, క్లాసులో మొదటి పది శాతంలో ఉంటుంది" అని ముగ్గురు మూడు లెటర్‌హెడ్‌ల మీద ఒకే ధోరణిలో రాస్తే అవి ఒకే చేతి నుంచి వచ్చాయని పట్టుకోవడానికి వాళ్ళకి నిమిషం పట్టదు. మన ఊళ్ళ నుంచి అలాంటి లేఖలు ఏళ్ళుగా వెళ్తున్నాయి. వేరేవాళ్ళు రాసిన లేఖ మీద సంతకం పెట్టించి పంపడం మోసం కింద లెక్క. బయటపడితే ఇచ్చిన అడ్మిషన్ వెనక్కి తీసుకుంటారు, చేరాక తెలిసినా తీసేస్తారు. అందులో నీ పేరుంటుంది, కన్సల్టెన్సీ పేరు ఉండదు.

మంచి లేఖ ఎలా ఉంటుందో చెప్తాను. "ఈ అమ్మాయి స్పెల్ చెకర్ మొదట సరిగ్గా పనిచేయలేదు. ఎందుకు చేయట్లేదో మూడు వారాలు కూర్చుని తప్పుల పట్టిక తయారుచేసింది. సంధి విడగొట్టడంలో నేను సూచించిన పద్ధతి ఎందుకు తప్పో నాకే చూపించింది." ఇంతే. ఇది రాసినాయన పెద్ద పేరున్న ప్రొఫెసర్ కానక్కర్లేదు. ఆయన నీ పని దగ్గరుండి చూసి ఉండాలి. నీ ముఖం కూడా సరిగ్గా గుర్తులేని హెచ్‌ఓడీ లేఖ కంటే, నీతో కూర్చుని కోడ్ చూసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ లేఖకి విలువ ఎక్కువ. కాబట్టి ఈ సంవత్సరం నీ అసలు పని మార్కులు పెంచుకోవడం కాదు. ఇద్దరు ముగ్గురు పెద్దల కళ్ళ ముందు, వాళ్ళు గమనించేంత కాలం, ఒక సమస్య మీద పనిచేయడం.

ఎస్‌ఓపీ విషయానికొద్దాం. కన్సల్టెన్సీ ఎస్‌ఓపీ ఎలా మొదలవుతుందో నువ్వూ చూసే ఉంటావు. చిన్నప్పుడు నాన్న కొనిచ్చిన మొదటి కంప్యూటర్, ఆ రోజు నుంచి టెక్నాలజీ మీద తీరని మక్కువ, ప్రపంచ ప్రసిద్ధి పొందిన మీ యూనివర్సిటీలో చదవాలన్న కల. యూనివర్సిటీ పేరు మార్చి ఎనిమిది చోట్లకీ పంపేస్తారు. దాన్లో నువ్వెక్కడున్నావు?

నీ స్పెల్ చెకర్‌నే తీసుకో. నిఘంటువులో ఉన్న మాటలన్నీ ఎక్కించి ఉంటావు. తర్వాత మామూలు వాక్యం ఇస్తే సగం మాటలకి ఎర్రగీత పడి ఉంటుంది, ఎందుకంటే మనం మాటలు కలిపి రాస్తాం. అప్పుడు సంధి విడగొట్టే సూత్రం ఒకటి రాసి ఉంటావు. "వాడెవడు" అని వస్తే "వాడు, ఎవడు" అని విరగ్గొడుతుంది. బాగానే ఉంది. అదే సూత్రానికి "గోడెక్కాడు" ఇచ్చి చూడు. "గోడు, ఎక్కాడు" అంటుంది. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే, కాబట్టి ప్రోగ్రామ్‌కి తప్పేమీ కనపడదు. మనిషికి మాత్రం అది గోడ అని తెలుసు. ఎలా తెలుసు? చుట్టూ ఉన్న వాక్యం వల్లనా, ఎక్కడానికి గోడ ఉంటుంది గానీ గోడు ఉండదన్న లోకజ్ఞానం వల్లనా? ఈ రెండిట్లో ఏది ఎంత సాయపడుతుందో ప్రయోగం చేసి కొలవొచ్చా? ఇదిగో, ఇక్కడ రీసెర్చ్ మొదలవుతుంది. ఇలాంటి పేరాగ్రాఫ్ ఒక్కటి ఎస్‌ఓపీలో ఉంటే చదివే మనిషి కుర్చీలో ముందుకి జరిగి కూర్చుంటాడు. అది నువ్వు తప్ప ఇంకెవరూ రాయలేరు, ఎందుకంటే ఆ తప్పు నీ స్క్రీన్ మీద కనపడింది.

అందుకని ఈ ఏడాది చేయాల్సిన పని కూడా అక్కడి నుంచే తీసుకో. ఉచితంగా దొరికే బహుభాషా ఏఐ మోడల్ (చాలా భాషల టెక్స్ట్ మీద నేర్చుకున్న ప్రోగ్రామ్) ఏదైనా ఒకటి తీసుకుని, అది తెలుగు మాటని ఎన్ని ముక్కలు చేస్తోందో చూడు. "క్షి" మన కంటికి ఒక్క అక్షరం. అక్షరాలకి కంప్యూటర్ వాడే యూనికోడ్ పద్ధతిలో అది నాలుగు సంకేతాలు, వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో పన్నెండు బైట్లు. బైట్ల స్థాయి నుంచి ముక్కలు కట్టుకునే మోడళ్ళకి తెలుగు వాక్యం ఇంగ్లీషు వాక్యం కంటే చాలా పొడుగ్గా కనపడొచ్చు. ముందే సంధి విడగొట్టి ఇస్తే ఫలితం మెరుగవుతుందా, లేక నీ విడగొట్టడంలోని తప్పులే కొత్త నష్టం తెస్తాయా? ఫలితం "మెరుగవలేదు" అని వచ్చినా ఫరవాలేదు. ఎందుకు కాలేదో చెప్పగలిగితే అదీ ఫలితమే. కోడ్ అందరూ చూసేలా గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో పెట్టు, చేసిందంతా ఐదారు పేజీల్లో రాసిపెట్టు.

మూడు వేల జర్నల్ ముట్టుకోకు. కంప్యూటర్ సైన్స్‌లో మంచి పనంతా ఎక్కువగా కాన్ఫరెన్సుల్లో వస్తుంది. భాషల పనికి ఏసీఎల్, ఈఎంఎన్‌ఎల్‌పీ, మెషీన్ లెర్నింగ్‌కి న్యూరిప్స్, ఐసీఎంఎల్ లాంటివి. అక్కడ తెలిసినవాళ్ళు నెలల తరబడి చదివి తిప్పి పంపుతుంటారు. డబ్బు కట్టిన వారానికే "యాక్సెప్టెడ్" అనే జర్నల్ పేరు రెజ్యూమెలో కనపడితే, చూసేవాళ్ళు లేని దానికంటే తక్కువగా లెక్కేస్తారు. పేపర్లు లేకపోవడం బీటెక్ విద్యార్థికి లోపం కాదు. అమీర్‌పేటలో కొనుక్కొచ్చే మేజర్ ప్రాజెక్టుల సంగతీ అంతే. మీ బ్యాచ్‌లో అందరూ కొంటున్నా నువ్వు కొనకు. ఇప్పుడు పైన చెప్పిన పనే నీ మేజర్ ప్రాజెక్టు చేసుకో, ఒకే శ్రమకి రెండు ప్రయోజనాలు.

ఇక దారి. గేట్ (ఎంటెక్, రీసెర్చ్ సీట్ల కోసం దేశమంతా జరిగే పరీక్ష) రాయి. ఫిబ్రవరిలో ఉంటుంది, స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. సీఎస్ పేపర్‌తో పాటు 2024 నుంచి డేటా సైన్స్, ఏఐ పేపర్ కూడా ఉంది. రెండూ రాసుకోవచ్చు. గేట్ చూసి భయపడకు. డిస్క్రీట్ మ్యాథ్స్, ఆల్గరిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ మళ్ళీ మొదటి నుంచి చదవడం ఎటూ నీకు అవసరమే, సప్లీలో గట్టెక్కిన మ్యాథ్స్ కూడా అక్కడే గట్టిపడుతుంది. దాంతో పాటు హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్ళ ప్రవేశ పరీక్ష పీజీఈఈ రాయి. రాత పరీక్ష, ఆ తర్వాత ఇంటర్వ్యూ. అక్కడ లాంగ్వేజ్ టెక్నాలజీస్ రీసెర్చ్ సెంటర్ ఉంది, ఎల్‌టీఆర్‌సీ అంటారు. భారతీయ భాషల మీద, తెలుగుతో సహా, ఏళ్ళుగా పని జరుగుతున్న చోటు. తెలుగు టెక్స్ట్ ఇష్టమన్న పిల్ల ముందు తలుపు తట్టాల్సింది అక్కడ. ఐఐటీ మద్రాసులో ఎంఎస్ బై రీసెర్చ్ ఉంది, భారతీయ భాషల ఏఐ మీద పనిచేసే ఏఐ4భారత్ బృందం ఉన్నది కూడా అక్కడే. బెంగళూరు ఐఐఎస్‌సీలో రీసెర్చ్ ఎంటెక్ ఉంది. ఐఐటీ ఇంటర్వ్యూల్లో నీ సీజీపీఏ కంటే నీ ప్రాజెక్టు మీద, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ మీద గుచ్చి గుచ్చి అడుగుతారు.

డబ్బు లెక్క నాన్నగారికి ఇలా చెప్పు. గేట్‌తో ఎంటెక్‌లో చేరినవాళ్ళకి నెలకి 12,400 రూపాయల స్టైపెండ్ ఉంది. ఇక్కడే పీహెచ్‌డీకి వెళ్తే, 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం జేఆర్‌ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ మొదటి రెండేళ్ళు నెలకి 37,000, తర్వాత 42,000. చేను ఎక్కడికీ పోదు. రెండు మూడేళ్ళు అలాంటి ల్యాబ్‌లో నిజంగా పనిచేస్తే, అప్పుడు అమెరికా పీహెచ్‌డీకి నువ్వు పెట్టే అప్లికేషన్ పూర్తిగా వేరే మనిషి అప్లికేషన్‌లా ఉంటుంది. లేఖలు రాసే ప్రొఫెసర్ల పేర్లు అక్కడివాళ్ళకి తెలిసినవి అవుతాయి, ఫీజు కట్టే అవసరం రాదు. బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్ళు బీటెక్ అయినవాళ్ళని ఒకటి రెండేళ్ళు రీసెర్చ్ ఫెలోలుగా తీసుకుంటారు. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ, అయినా ప్రయత్నించు.

మెట్టుమెట్టుగా వెళ్తే వెనకబడిపోతానేమో అని నీకు అనిపిస్తుంది. నీ క్లాసువాళ్ళు వచ్చే ఏడాది శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఫొటోలు పెడతారు, నాకు తెలుసు. మన రాజ్ రెడ్డి గారిని చూడు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, మద్రాసు గిండీలో బీఈ చేసి, ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో 1960లో ఎంటెక్ చేసి, అక్కడే ఐబీఎంలో కొన్నేళ్ళు పనిచేసి, ఆ తర్వాతే స్టాన్‌ఫర్డ్‌కి వెళ్ళారు. 1966లో పీహెచ్‌డీ, 1994లో కంప్యూటర్ సైన్స్‌లో అతి పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డు. మధ్యలో గడిచిన ఆ ఏళ్ళని ఆలస్యం అని ఎవరంటారు?

అప్పు చేసి ఎంఎస్‌కి వెళ్ళడం ఇప్పుడు ఎంత ప్రమాదమో కూడా నాన్నగారికి తెలియాలి. చదువయ్యాక ఓపీటీ (విద్యార్థి వీసా మీదే పని చేసుకునే అనుమతి) పన్నెండు నెలలు, మన సబ్జెక్టుకి ఇంకో 24 నెలలు, మొత్తం మూడేళ్ళు పని చేసుకోవచ్చన్న లెక్కమీదే అప్పులన్నీ నిలబడి ఉన్నాయి. ఆ తర్వాత హెచ్1బీ అనే ఉద్యోగ వీసా. కంపెనీల కోటా ఏడాదికి 85 వేలు, అంతకు ఎన్నో రెట్లమంది పోటీ. 2025 సెప్టెంబరులో దేశం బయటి నుంచి పెట్టే కొత్త హెచ్1బీ దరఖాస్తులకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. ఇలాంటి నిర్ణయం ఒక్క రాత్రిలో వస్తుంది. బ్యాంకు వాయిదా మాత్రం ప్రతి నెలా వస్తుంది. మిరప ధర ఒక ఏడాది పడిపోతే ఏమవుతుందో మీ ఇంట్లో నేను చెప్పక్కర్లేదు.

కన్సల్టెన్సీ చెప్పిన ఎనిమిది పేర్లు నాకు రాయలేదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద వీసా మోసం కేసులో అక్కడి అధికారులు దాడి చేసినప్పుడు నష్టపోయినవాళ్ళలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్ళకి రేడియో కడియాలు వేశారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ అని ఒకటి బయటపడింది. అది వీసా మోసాలు పట్టుకోవడానికి అమెరికా ఇమిగ్రేషన్ శాఖే పెట్టిన నకిలీ సంస్థ. వందమందికి పైగా విద్యార్థులు అరెస్టయ్యారు, అందులోనూ మనవాళ్ళే ఎక్కువ. ఆ పిల్లలందరూ చెడ్డవాళ్ళు కారు. చాలామంది ఎవరో చెప్పిన పేరు నమ్మి సంతకం పెట్టినవాళ్ళు. ఏ యూనివర్సిటీ అయినా సరే, ఆ విభాగం వెబ్‌సైట్‌కి నువ్వే వెళ్ళు. నీకు నచ్చిన రంగంలో ఎవరు పాఠాలు చెప్తున్నారో, గత రెండేళ్ళలో ఏం రాశారో చూడు. అలాంటివాళ్ళు ఒక్కరూ కనపడకపోతే ఆ పేరు కొట్టేయ్.

నచ్చిన ప్రొఫెసర్లకి ఈమెయిల్ పెట్టొచ్చా అంటే, పెట్టొచ్చు. "రెస్పెక్టెడ్ సర్, మీ గొప్ప పరిశోధనలు చదివి ప్రభావితురాలినయ్యాను" అని నలభై మందికి ఒకేసారి పంపితే ఒక్కరూ జవాబివ్వరు. ఒక పేపర్ పూర్తిగా చదువు, వాళ్ళ కోడ్ నీ లాప్‌టాప్‌లో నడిపి చూడు, తెలుగు డేటా ఇస్తే ఎక్కడ దెబ్బతిందో ఆరు వాక్యాల్లో రాసి ఒక ప్రశ్న అడుగు. సీటు గురించి అడగకు. జవాబు రాకపోయినా బాధపడకు, ఆ పని నీ దగ్గర మిగులుతుంది.

మిగతావి చిన్న సంగతులు. జీఆర్ఈ ఇప్పుడు రాయక్కర్లేదు. అమెరికా ఎంఐటీలో కంప్యూటర్ సైన్స్ విభాగం దాన్ని అడగదు, ఇంకా చాలా పీహెచ్‌డీ విభాగాలు మానేశాయి. కావాల్సి వస్తే స్కోరు ఐదేళ్ళు చెల్లుతుంది, 2023 సెప్టెంబరు నుంచి పరీక్ష రెండు గంటల లోపే అయిపోతోంది. ఇంగ్లీషు పరీక్ష టోఫెల్ రెండేళ్ళే చెల్లుతుంది కాబట్టి తొందరపడి రాసేయకు. ఒక్క బ్యాక్‌లాగ్ గురించి ఎస్‌ఓపీలో సంజాయిషీ ఇవ్వొద్దు, తర్వాత మ్యాథ్స్‌లో బాగా చేసి చూపిస్తే అదే జవాబు. ఎప్పుడైనా అమెరికా నుంచి ఫండింగ్‌తో ఆఫర్ వస్తే, వెంటనే ఒప్పుకోమని ఒత్తిడి పెట్టినా కంగారుపడకు. అక్కడ చాలా యూనివర్సిటీలు ఒప్పుకున్న నియమం ప్రకారం ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకునే హక్కు నీకుంది.

గేట్ రిజిస్ట్రేషన్ మామూలుగా ఆగస్టు చివర్లో మొదలై సెప్టెంబరులో ముగుస్తుంది, తేదీ చూసుకుని ముందే కట్టేయ్. ఈ వారంలో మీ మినీ ప్రాజెక్టు గైడ్ దగ్గరికెళ్ళి, మేజర్ ప్రాజెక్టుగా ఇది చేస్తాను, పదిహేను రోజులకోసారి అరగంట చూసిపెట్టండి సార్ అని అడుగు. మూడు వేల జర్నల్ సారు ఆయనే అయితే, మ్యాథ్స్ చెప్పిన మేడమ్‌నో, వేరే సెక్షన్‌లో చెప్పే సార్‌నో అడుగు.